గుంజుతది అన్నారు అందరూ

ఫిబ్రవరి చివర్లో నేనూ మా అమ్మాయి నీలిమా తెనాలి నుంచి ఆర్మూరు వెళ్లి వచ్చాం. నిరుడు మా వారు అక్కడ ఒక వెల్డరుకి పని ఒప్పజెప్పారు. కారు వెనక తగిలించుకుని ఊళ్లు తిరగడానికి ఒక చిన్న గది. రెండు చక్రాలు, రెండు పడకలు, ఒక గ్యాస్ పొయ్యి. దానికి ఆయన పెట్టుకున్న పేరు బండిల్లు. అది పూర్తయ్యేలోగా ఆయన పోయారు. ఆరు నెలల తర్వాత వెల్డరు ఫోన్ చేసి, తయారైంది, వచ్చి తీసుకుపొమ్మన్నాడు.

మా పాత డీజిల్ బండి దాన్ని తెనాలి దాకా ప్రమాదం లేకుండా లాక్కురాగలదా అన్నది తేల్చుకోవాలి. నడిపేది నీలిమ. నాకు మిగిలింది ఆ పిల్ల ఒక్కతే.

తెనాలి నుంచి

బండితో వచ్చిన చిన్న పుస్తకం దారంతా నా ఒళ్లోనే ఉంది. ఉద్యోగమంతా కాలేజీ లైబ్రరీలో చేశాను, అచ్చులో ఉన్నదాన్ని నమ్మడం అలవాటు. వెనక ఏదైనా తగిలించి లాగేవాళ్ల కోసం అందులో ఒకే ఒక్క పేజీ ఉంది. వెనక తగిలించినదానికి సొంత బ్రేకులు లేకపోతే దాని బరువు ఏడువందల యాభై కిలోలు దాటకూడదు. దాని ముక్కు మన బండి కొక్కెం మీద ఆనుతుంది కదా, ఆ ఆనే బరువు డెబ్బై అయిదు కిలోలు దాటకూడదు. అంతే. దాటితే ఏమవుతుందో రాయలేదు.

మా వారు గీసిన బొమ్మ కాగితం కూడా తెచ్చుకున్నాం. దాని అడుగున ఆయన దస్తూరీతో "మొత్తం 680" అని ఉంది.

"చూశావా, నాన్న అన్నీ ఆలోచించే గీశారు" అంది నీలిమ.

"గీసింది ఆయన. కట్టింది ఆయన కాదుగా."

"నీకు ప్రతిదానికీ అనుమానమే అమ్మా."

నిజమే. ఈ ఆరు నెలల్లో గ్యాసు కట్టేశానో లేదో మూడుసార్లు చూసుకునే మనిషినయ్యాను. వీధి తలుపు గడియ వేసి, మంచం దాకా వచ్చి, మళ్లీ వెళ్లి చూస్తాను. నీలిమ ఆఫీసు నుంచి రావడం పది నిమిషాలు ఆలస్యమైతే గేటు దగ్గరికి వెళ్లి నిలబడతాను. ఇదివరకు నేను ఇలా ఉండేదాన్ని కాదు.

సూర్యాపేట దాటాక దారి పక్కన ఆగి తెచ్చుకున్న అన్నం తిన్నాం. గోంగూర నూనె కారి ఆ ఒక్క పేజీ మీదే పడింది. తుడిచాను. కాగితం పారదర్శకంగా అయిపోయింది కానీ అంకెలు అలాగే ఉన్నాయి.

మొదటి రోజు హైదరాబాదు శివార్లలో ఆగి, రెండో రోజు పొద్దున్నే బయల్దేరాం. కామారెడ్డి దాటిన తర్వాత రోడ్డు పక్కన ఒక ట్రాక్టరు ట్రాలీ బోర్లా పడి ఉంది. మొక్కజొన్న గింజలు తారు మీద పరుచుకుని ఉన్నాయి, నలుగురు చీపుళ్లతో ఊడ్చి సంచులకెత్తుతున్నారు. డ్రైవరు కాబోలు, గట్టు మీద కూర్చుని సీసాతో నీళ్లు తాగుతున్నాడు. మనిషికేమీ కాలేదు. నీలిమ వేగం తగ్గించింది. ఆ తర్వాత చాలాసేపు తను అరవై దాటలేదు. నేను గమనించానని తనకి తెలియకుండా బయటికి చూస్తూ కూర్చున్నాను.

అంకాపూర్‌లో భోజనం

మా వారు వ్యవసాయ శాఖలో విత్తనాల తనిఖీ చూసేవారు. రిటైరయ్యేదాకా ఆర్మూరులో ఆరేళ్లు గది తీసుకుని ఒక్కరే ఉన్నారు. నా ఉద్యోగం తెనాలిలో, పిల్ల చదువు తెనాలిలో. ఆ ఆరేళ్లలో ఒక్కసారి కూడా నేను ఆ ఊరు చూడలేదు. వద్దామనుకున్న ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డొచ్చేది, తొందరేముందిలే అనుకునేదాన్ని.

ఆర్మూరు చేరే ముందు కాస్త పక్కకి వెళ్లి అంకాపూర్‌లో ఆగాం. అక్కడ రైతులు విత్తనానికే మొక్కజొన్నలు, సజ్జలు పండిస్తారు. మా వారు ఎక్కువగా తిరిగింది ఆ చేలల్లోనే. ఇప్పుడు ఆ ఊరికి పేరు నాటుకోడి కూర వల్ల. దుకాణాల ముందు గంపల కింద కోళ్లు ఉంటాయి. చూపించిన కోడిని కోసి గంటలో వండి, అన్నంతో సహా ఇస్తారు. కోడికి ఎనిమిది వందలు.

"మేం ఇద్దరమే. సగం ఇస్తారా?" అని అడిగాను.

వండే ఆమె నడుం మీద చేయి పెట్టుకుని నవ్వింది. "సగం కోడి ఏడ నడుస్తదమ్మా? తినంగ మిగిలింది కట్టిస్త, తీస్కపో."

మా వైపు కూరల్లో పులుసు పలచగా ఉంటుంది. ఇక్కడ నువ్వులు, ఎండు కొబ్బరి నూరి వేస్తారు, నూనె పైకి తేలుతుంది. కారం మాకు అలవాటే అనుకున్నాం గాని రెండో ముద్దకే నీలిమ నీళ్ల చెంబు అందుకుంది. ఎక్కడివాళ్లమో ఆమె అడిగింది. చెప్పాను.

"సీడ్ సారు ఇంటోళ్లా? అయ్యో, పోయిండని తెలిసిందమ్మా. ప్రతి ఐతారం మా కాడ్నే తినెటోడు. కోడి పులుసుల ముంచుకొని నాలుగు రొట్టెలు."

ఆదివారాలు ఫోన్ చేసినప్పుడు పప్పూ పెరుగూ తిన్నానని చెప్పేవారు. గుండెకి మందులు వాడే మనిషి. నీలిమ నా వైపు చూసి పక్కకి తిరిగి నవ్వాపుకుంది. నాకు కోపం వచ్చింది. ఆయన మీద కోపం రావడం ఆరు నెలల్లో అదే మొదటిసారి. కోపంలో ఇంకో ముద్ద ఎక్కువే తిన్నాను.

లింబాద్రి షెడ్డు

మూడో రోజు, సోమవారం పొద్దున వెల్డరు దగ్గరికి వెళ్లాం. పేరు లింబాద్రి, ఊరు బాల్కొండ. పద్నాలుగేళ్లు గల్ఫులో పనిచేసి వచ్చి ఆర్మూరులో షెడ్డు పెట్టుకున్నాడు. షెడ్డుకి గోడ కలిసి ఒక పసుపు వ్యాపారి కల్లం ఉంది. సిమెంటు నేల మీద ఉడకబెట్టిన పసుపు ఆరబోసి ఉంది. ఆ వాసన నాకు కొత్త కాదు, మాకు పక్కనే దుగ్గిరాల ఉంది. కాని ఇక్కడ కొమ్ము పొడుగు, రంగు కాస్త ముదురు. మొక్కజొన్నని వీళ్లు మక్కలంటారు. సంచి మూతి కట్టే ముడి మాత్రం రెండు చోట్లా ఒకటే.

"రాండ్రి అమ్మా, జర కూసోండ్రి. చాయ్ తెప్పిస్త" అన్నాడు లింబాద్రి. "గదుగో మీ కర్వాన్."

గల్ఫులో కూలీలు ఉండే రేకుల గదుల్ని కర్వాన్లంటారట. ఒక్కో దాంట్లో ఎనిమిది మంది పడుకునేవాళ్లు. ఇలాంటి దాంట్లో సరదాకి ఎందుకు తిరుగుతారో అతనికి మొదట్లో అర్థం కాలేదట.

"నేను సారును అడిగిన. ఇంత మంచి ఇల్లుండంగ కర్వాన్ల పండుడేంది సార్, మేం పాపం జేసినం, పండుకున్నం, మీరేం జేసిన్రు అని. సారు నవ్విండు. మా మేడమ్‌కు లాడ్జీల బాత్రూమ్లు పడయి అన్నడు."

నేను టీ గ్లాసు కింద పెట్టాను.

బండిల్లు లేత పసుపు రంగులో ఉంది. గీత తప్పకుండా, ఎక్కడా అతుకు కనపడకుండా చేశాడు. తలుపు లాగాను. బ్యాంకు లాకరు తలుపులా బరువుగా కదిలింది. బొమ్మ కాగితంలో అల్యూమినియం రేకు అని రాసి ఉంది. గోడ మీద కొట్టి చూస్తే ఇనుము మోగింది.

"అల్యూమినియం కాదా?" అంది నీలిమ.

"గదేం ఉంటది చెల్లె, నూనె డబ్బా లెక్క. మేమున్న కర్వాన్ ఎడారిల దుమారమొచ్చినా ఇంచు కదల్లే. గసుంటిదే చేసిన. సారు పోయిండని తెల్సినంక కింద ఇంకో రెండు ఇనుప చానళ్లు ఏసిన." గొంతు కాస్త తగ్గింది. "ఇగ ఆడోళ్లు ఇద్దరే తిరుగుతరాయె, మజ్బూత్ ఉండాలె గదా."

అతను చూసిన కర్వాన్లు ఇటుకల మీద నిలబడి ఉండేవి. కదలకపోవడమే వాటి గొప్ప. లాక్కుపోవాల్సినదాన్ని కదలకుండా ఉండేదానిలా కట్టాడు, అదీ మా మీద అభిమానంతో.

కాంటా

"ముందు తూకం వేయిద్దాం" అన్నాను.

లింబాద్రి తన ట్రాక్టరు తగిలించి దాన్ని హైవే పక్కన లారీలు తూచే కాంటా మీదికి తీసుకెళ్లాడు. మేం వెనక వెళ్లాం. ట్రాక్టరు విప్పి, బండిల్లు ఒక్కదాన్నే పలక మీద నిలబెట్టాడు. గదిలో కాంటా మనిషి అద్దం తలుపు తీసి అంకె చదివాడు: వెయ్యిన్ని మూడువందల నలభై.

లింబాద్రి ముఖం వెలిగిపోయింది. "చూసిన్రా! పదమూడు క్వింటాళ్ల మీద మాల్ ఉంది. సారుకు తక్కువ చెయ్యలే నేను!"

కాంటా గది మెట్టు మీద కూర్చున్నాను. బండిల్లుకి బ్రేకులు లేవు, నా చేతిలో కాగితం మీద 680 ఉంది.

కాంటా మనిషి మమ్మల్ని విచిత్రంగా చూశాడు. "ఏందమ్మా గిది? అందరు బరువు తక్కువొస్తె మొత్తుకుంటరు. మీరు ఎక్కువొస్తె మొత్తుకుంటున్నరు!"

నాకప్పుడు అర్థమైంది. ఆ ఊళ్లో బరువంటే విలువ. బాగా ఊరిన పసుపు బరువు తూగుతుంది, తేమ పట్టినా పుచ్చినా ధర పడిపోతుంది. ఎక్కువ తూగడం తప్పని అక్కడ ఎవరూ అనుకోరు.

"మా బండి దీన్ని లాగుతుందా?" అని అడిగింది నీలిమ.

"ఎందుకు గుంజది? మస్తు గుంజుతది" అన్నాడు కాంటా మనిషి.

"గుంజుతది చెల్లె, డీజిల్ బండి గదా" అన్నాడు లింబాద్రి.

వెనక మక్కల లారీ డ్రైవరు కూడా కిందికి తొంగి చూసి, "గుంజుతదమ్మా, ఫికర్ చెయ్యకు" అన్నాడు.

"మరి ఆగుతుందా?" అన్నాను.

లారీ డ్రైవరు హారన్ కొట్టి, పలక ఖాళీ చెయ్యమన్నాడు.

ముక్కు బరువు పెద్ద కాంటా మీద తెలియదు. మధ్యాహ్నం కల్లంలో సంచులు తూచే చిన్న కాంటా అడిగి తీసుకున్నాం. దాని మీద ఒక చెక్క దిమ్మ పెట్టి, బండిల్లు ముక్కు దాని మీద ఆనించాడు లింబాద్రి. నూట అరవై అయిదు. కొక్కెం మోయగలిగింది డెబ్బై అయిదు. పసుపు ఏరే ఆడవాళ్లు పని ఆపి చుట్టూ చేరారు. "దీంట్ల ఏం నింపిన్రే, పచ్చి పసుపా?" అని ఒకామె అంటే అందరూ నవ్వారు.

నీలిమ నవ్వలేదు. "మెల్లగా పోతే ఏం కాదు అమ్మా. నలభై దాటను. అయిదు వందల కిలోమీటర్లు, రెండు రోజులు కాకపోతే మూడు రోజులు. రేపు పొద్దున ఇక్కడే ఒకసారి లాగి చూద్దాం. సరేనా?"

సరేనన్నాను. కాదనడానికి నా దగ్గర ఒక పేజీ తప్ప ఏమీ లేదు.

పసుపు కల్లం

మంగళవారం కల్లంలో ఒక పక్క ఖాళీగా ఉంది. లింబాద్రి బండిల్లు మా బండికి తగిలించాడు. కొక్కెం మీద ముక్కు ఆనగానే మా బండి వెనక భాగం చతికిలబడింది, ముందు భాగం పైకి లేచింది. దూరంగా నేల మీద ఒక ఖాళీ గోనె పరిచి, "గీడ బ్రేక్ కొట్టు చెల్లె" అన్నాడు.

"నువ్వు దిగి బయట నిలబడి చూడు" అంది నీలిమ.

"నేను నీ పక్కనే కూర్చుంటాను."

మొదటిసారి నడక వేగంతో వెళ్లింది. గోనె దగ్గర ఆగింది. లింబాద్రి చప్పట్లు కొట్టాడు. రెండోసారి స్పీడు ముల్లు ఇరవై దగ్గర ఉండగా గోనె వచ్చింది. నీలిమ బ్రేకు తొక్కింది.

మా బండి ఆగబోయింది. వెనకున్నది ఆగలేదు. ఎవరో భుజం ఆనించి తోస్తున్నట్టు ముందుకి నెట్టింది. ముందు చక్రాలకి నేల మీద పట్టు లేదు. పసుపు పాలిషు పట్టినప్పుడు రాలిన పొట్టు అక్కడంతా పడి ఉంది. నీలిమ స్టీరింగు ఎటు తిప్పినా బండి తన దారిన తను పోతోంది. అప్పుడే పసుపు గంపతో ఒక పెద్దావిడ అడ్డంగా వచ్చింది. ఆవిడ మమ్మల్ని చూసి గంప వదిలేసి పక్కనున్న సంచుల వెనక్కి దూకింది. బండి ఓరగా తిరిగి, గంప మీదెక్కి ఆగింది. గోనెకీ మేము ఆగిన చోటుకీ మధ్య రెండు బండ్లు పడతాయి.

"కండ్లు నెత్తికెక్కినయా?" అంటూ ఆవిడ సంచుల వెనక నుంచి లేచింది. "నేను సస్తే నా మనవరాలిని నువ్వు సాదుతవా?"

నీలిమ తలుపు తీసింది గాని దిగలేకపోయింది. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. ఆవిడ తిట్లు ఆపి దగ్గరికొచ్చింది. పేరు ఎస్తేరు, ఇరవై ఏళ్లుగా ఆ కల్లంలోనే పసుపు ఏరుతోంది.

"దిగు బిడ్డా. నీళ్లు తాగు. ఏం గాలే నాకు. గంప పోయింది, గంతే."

నేను కింద కూర్చుని చెదిరిన కొమ్ములు ఏరాను. ఏదో ఒకటి చెయ్యకపోతే అరిచేదాన్ని. ఎస్తేరు నా పక్కన కూర్చుని, "గిట్ల కాదమ్మా, ఇరిగినయి యేరే పెట్టు" అని చూపించింది.

లింబాద్రి గోనె దగ్గరే నిలబడిపోయాడు. "పొట్టు మీద జారింది. రోడ్డు మీద గట్ల కాదు" అన్నాడు. తర్వాత, ఎవరూ అడక్కుండానే, "బ్రేకులు కడదామంటె నెల దినాలు పడ్తది. పై ఇనుము కోసి తీస్త, కానీ ముక్కు కాడ తియ్యరాదు. తీస్తె ఇరుగుతది" అన్నాడు.

నీలిమ నన్ను షెడ్డు వెనక్కి తీసుకెళ్లింది. ముఖం కడుక్కున్న నీళ్లు ఇంకా చుబుకం నుంచి కారుతున్నాయి.

"అమ్మా, నువ్వు బస్సులో వెళ్లిపో. నేనొక్కదాన్నే మెల్లగా తీసుకొస్తాను. నువ్వు పక్కనుంటే నాకు భయమేస్తోంది. నీకేమన్నా అయితే నాకెవరున్నారు?"

నేను అనుకుంటున్న మాటే తను అంది. నాలుగు రోజులుగా ఒకే బండిలో పక్కపక్కన కూర్చుని ఇద్దరం ఇదే అనుకుంటున్నాం.

అప్పటిదాకా ఎవరికీ చెప్పనిది దానికి చెప్పాను. ఆయన పోవడానికి ముందు రోజు, టీ తాగుతూ, ఛాతీలో బరువుగా ఉందన్నారు. వరండాలో బట్టలు మడతపెడుతున్నాను. రేపు పొద్దున డాక్టరుకి చూపిద్దాంలెండి అన్నాను. ఆ మాట ఆయన ఊరికే అన్నారనుకున్నాను. పొద్దున దాకా ఆయన ఉండలేదు.

"నిన్న తూచాం. ఇవాళ చూశాం. చూశాక కూడా నేను ఊరుకుంటే ఇక నేను బతకలేను. ఇది మన వెనక రాదు నీలిమా."

తను ఏడ్చింది. నాన్న వస్తువు వదిలేసి వెళ్లడమేమిటంది. నువ్వెప్పుడూ ఆయన దగ్గరికి రాలేదు, ఇప్పుడు ఆయన కట్టించుకున్నది కూడా వద్దంటున్నావంది. అది నిజమే. బండిల్లు రాదని మాత్రం ఇంకోసారి అన్నాను.

చక్రాలు

మేం తిరిగొచ్చేసరికి ఎస్తేరు బండిల్లు లోపల ఉంది. పడక మీద చేత్తో నొక్కి చూసింది. కిటికీ తీసి వేసింది. తలుపు దగ్గర వంగి ఏదో వెతుకుతోంది.

"లోపట గొళ్లెం ఉందా?" అంది.

"ఉంది" అన్నాడు లింబాద్రి. "ఎందుకు?"

"ఎందుకంటడేందిరా. పొద్దుందాక పసుపుల కూసుంటం. చీర మార్చుకోవాలంటె సంచుల చాటుకు పోవాలె, ఒకామె కావలుండాలె. గోడ అవుతల నీ షెడ్డుల గిది ఊకె నిలవడితె మాకు చాలు."

మా అనుమతి ఆవిడ అడగలేదు. తలుపు వేసుకుంది. లోపల గొళ్లెం పడిన చప్పుడు వినిపించింది. మేం ముగ్గురం బయట నిలబడ్డాం. ఎవరూ తొందరపెట్టలేదు. కాసేపటికి ఆవిడ ముఖం తుడుచుకుని, పసుపు లేని చీర కట్టుకుని దిగింది.

లింబాద్రి నా వైపు చూశాడు. "ఉంచమంటరా అమ్మా? ఉంచుతె ఇటుకల మీద నిలబెడ్త. చక్రాలు తియ్యాల్నా, ఉండనియ్యాల్నా?"

చక్రాలుంటే ఇంకెప్పుడైనా వచ్చి తీసుకెళ్లొచ్చు. ఆ మాట అనడం సులువు. నేను నోరు తెరిచేలోగా నీలిమ, "తీసెయ్యి అన్నా" అంది. బండిల్లుని షెడ్డులోకి మార్చి ఇటుకలు పేర్చాక, లింబాద్రి చేతిలోని పానా తీసుకుని మొదటి నట్టు తనే తిప్పింది. అది బిగుసుకుపోయి ఉంది. కాలితో తొక్కితే గాని కదల్లేదు.

తిరుగుదారి

బుధవారం పొద్దున బయల్దేరాం. చక్రాలు రెండూ లింబాద్రి మా బండి వెనక పెట్టాడు. "గివి సారువి" అన్నాడు, వద్దన్నా వినలేదు. ఎస్తేరు రెండు గుప్పిళ్ల కొమ్ములు నా కొంగులో పోసి, "దంచుకో, మరలో పట్టియ్యకు" అని చెప్పింది.

భయం ఆర్మూరులో దిగిపోలేదు. లారీ దాటిన ప్రతిసారీ నా కాలు లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది. నీలిమ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. పొద్దున అంకాపూర్‌లో మళ్లీ కట్టించుకున్న కూర డబ్బాలో ఉంది, దాని వాసన బండంతా నిండింది.

కామారెడ్డి దగ్గర ముందు బస్సు ఉన్నట్టుండి ఆగింది. నీలిమ బ్రేకు వేసింది. మా బండి వెంటనే ఆగింది. వెనక చక్రాలు రెండూ దొర్లి సీటుకి గట్టిగా తగిలాయి. ఆ చప్పుడికి ఇద్దరం ఒకేసారి వెనక్కి తిరిగాం.

బస్సు కదిలింది. వెనకవాళ్లు హారన్లు కొట్టారు. ఆపమని అనాలనుకున్నాను, ఇప్పటికే చాలా అన్నానని ఊరుకున్నాను. నీలిమ కొంచెం ముందుకి పోనిచ్చి బండిని రోడ్డు పక్కన నిలిపింది. దిగి వెనక తలుపు తీసి, తాడుతో రెండు చక్రాల్నీ సీటు కింది ఇనుప కడ్డీకి కట్టింది. లాగి చూసింది. తలుపు వేసింది. మళ్లీ తీసి, ఇంకోసారి లాగి చూసింది.

వచ్చి కూర్చుని, "ఇప్పుడు కదలవు" అంది.